అవ్వ నోట్లో కొంగు

అక్క పోయి పద్దెనిమిది రోజులు. నాకు ఏడుపు రాలేదు. ఏడుపు రాని మనిషికి ఒకచోట కూర్చోబుద్ధి కాదని ఈ పద్దెనిమిది రోజుల్లోనే తెలిసింది. టీ పెట్టుకుంటాను, తాగకుండానే లేస్తాను. టీవీ పెడతాను, కట్టేస్తాను. తాళం వేశానా లేదా అని సగం మెట్లు దిగినదాన్ని మళ్ళీ ఎక్కుతాను. ఇవాళ ఆదివారం, ఇక ఇంట్లో ఉండలేక సంచీ భుజాన వేసుకొని ఆబిడ్స్‌కు బయలుదేరాను. పనేమీ లేదు. కాళ్ళు ఆగనంటున్నాయి, అంతే.

ఆదివారం అక్కడ షాపులు మూసి ఉంటాయి. మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. నేను పుస్తకాల కోసం పోలేదు గానీ ఒక కుప్ప దగ్గర ఆగాను. ఎర్ర అట్ట ఇంగ్లిష్ నిఘంటువు ఒకటి, ఇటుకంత లావుది, పైనే ఉంది. చేతిలోకి తీసుకున్నానో లేదో నా వేళ్ళు వాటంతట అవే ‘బి’ అక్షరం దగ్గరికి పోయాయి. ‘బాల్’. బంతి కాదు, దీని స్పెల్లింగు వేరు. గొంతెత్తి బిగ్గరగా ఏడవడం అని అర్థం. కింద చీమతలకాయలంత అక్షరాల్లో ఆ మాట పుట్టుక రాసి ఉంది: మధ్యయుగాల లాటిన్‌లో కుక్క మొరగడాన్ని చెప్పే మాట నుంచి వచ్చి ఉండవచ్చు. ఉత్తరాది దేశాల్లో ఆవు అరుపుకు వాడే మాటతో చుట్టరికం ఉండవచ్చు. అంతే, మూడు పంక్తులు.

ముప్పై ఏళ్ళు ఇంగ్లిష్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఎన్ని మాటలు బోర్డు మీద రాశానో లెక్కలేదు. ఈ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ రాయలేదు. పిల్లలు అడిగినా ‘ఏడవడం’ అని చెప్పి తప్పించుకునేదాన్ని.

“అమ్మా, తీస్కుంటరా, నిలబడి మొత్తం సదివేస్తరా?” అన్నాడు పుస్తకాలతను.

“తీస్కుంటనయ్యా, జర ఆగు,” అన్నాను. విసురుగా అన్నాననుకుంటాను, పాపం అతను పక్క కుప్ప సర్దుకోసాగాడు.

నా చిన్నప్పుడు మేము నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో కిరాయికి ఉండేవాళ్ళం. మూడు చిన్న గదులు, నాలుగు కుటుంబాలకు ఒకటే నల్లా. దండెం మీద ఆరేసిన తెల్లబట్టల మీద ఇంజను మసి చుక్కలు చుక్కలుగా పడేది. ఎండపొద్దు దిగేసరికి గల్లీ మొదట్లోని బేకరీ నుంచి వేడి రొట్టెల వాసన వచ్చి బొగ్గు వాసనను కప్పేసేది. అమ్మ దవాఖానలో నర్సు. ఆమె ఇంట్లోకి వస్తే ముందు మందుల వాసన వచ్చేది, తరువాత అమ్మ. నాన్న ఒక మిషన్ ఆఫీసులో టైపిస్టు. చొక్కా మడత నలగనిచ్చేవాడు కాదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అన్నం చెంచాతో తినేవాడు. మమ్మల్నీ తినమనేవాడు. ఆయన అటు తిరగగానే మేము చేత్తో కలుపుకునేవాళ్ళం.

మమ్మల్ని పెంచింది మాత్రం అవ్వ, నాన్నను కన్నతల్లి. మెదక్ దగ్గరి పల్లె నుంచి వచ్చింది. ముంజేతుల నిండా పచ్చబొట్లు, మెడలో నల్లదారానికి చిన్న శిలువ. చదువు లేదు. కానీ ఆ గల్లీలో ఎవరింట్లో చావు జరిగినా మొదట కబురొచ్చేది అవ్వకే. హిందువులింట్లోనైనా సరే, “క్రిస్టియన్ అవ్వను పిలువుండ్రి” అనేవాళ్ళు. ఎందుకంటే అవ్వలాగా శోకం పెట్టేవాళ్ళు చుట్టుపక్కల లేరు.

శోకం పెట్టడమంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు చెప్పాలి. ఊరికే ఏడవడం కాదది. చనిపోయిన మనిషిని వరుస పెట్టి పిలుస్తూ, ఆ మనిషి బతుకంతా రాగం తీసి చెబుతూ ఏడవడం. అవ్వ ఆ ఇంటికి పోయీపోగానే ఏడ్చేది కాదు. మూలకు ఒకామెను పిలిచి, వంచిన తలతో మెల్లగా అడిగేది. చిన్నప్పుడు ఏమని పిలిచేటోళ్ళు? ఏం ఇష్టంగ తినేటోడు? ఎవరితోటి మాటలు బందయినయ్? అవన్నీ తెలుసుకున్నాక అప్పుడు పోయి శవం పక్కన కూర్చొని, ఆ ఇంటి ఆడమనిషి గదువ, అదే గడ్డం, పట్టుకొని శోకం ఎత్తుకునేది. అయిదు నిమిషాల్లో గోడలు తప్ప అందరూ ఏడ్చేవాళ్ళు. అప్పటిదాకా కళ్ళు పొడిగా పెట్టుకొని బిగుసుకుపోయిన వాళ్ళు సైతం.

“అబద్ధం ఏడ్వొద్దు బిడ్డా,” అనేది నాతో. “తిననిది తిన్నడని ఏడిస్తే పీనుగ లేసి కూసుంటది.”

అవ్వ వెంట నేనెందుకు పోయేదాన్నంటే, నిజం చెబుతున్నాను, శవాన్ని తీసుకుపోయాక అక్కడ ఇచ్చే చాయ్ కోసం, బిస్కెట్ల కోసం. ఎంత సిగ్గుమాలినదాన్నో చూడండి.

ఇంట్లో నేనూ అక్కా చావు ఆట ఆడేవాళ్ళం. అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది. చాప మీద వెల్లకిలా పడుకొని తల మీదిదాకా దుప్పటి కప్పుకునేది. నేను పక్కన కూర్చొని అవ్వ రాగంలో, “ఓ అక్కా, పాయసమంటె పాణమిస్తివే అక్కా” అని ఎత్తుకునేదాన్ని. దుప్పటి కింద అక్క కడుపు ఎగిరెగిరిపడేది నవ్వుతో. ఒకసారి అవ్వ బియ్యం ఏరుతూ విన్నది. మమ్మల్ని తిడుతుందనుకున్నాం. అవ్వ చేట దించి, “దానికి పాయసం ఎన్నడిష్టమే? చారు పోసుకొని తాగుతది గని తీపి ముడుతదా? సక్కగ ఏడ్వు,” అంది. తప్పు ఏడుపు వింటే ఊరుకోలేదు మా అవ్వ, ఆటలో అయినా.

నాన్నకు ఇదంతా నచ్చేది కాదు. “పరలోకం మీద నమ్మకం ఉన్నోళ్ళం. మనమిట్ల ఒర్రొచ్చునా అమ్మా? నలుగురేమనుకుంటరు?” అనేవాడు.

“ఆ నలుగురే పిలుస్తున్నరు కద కొడుకా,” అనేది అవ్వ.

నన్నూ అక్కనూ ఆబిడ్స్‌లో ఒక ఇంగ్లిష్ మీడియం బడిలో వేశారు. నేను తొమ్మిదిలో ఉండగా మా ఇంగ్లిష్ మిస్ ఒకరోజు బోర్డు మీద నిచ్చెన గీసింది. ఏడుపుకు ఇంగ్లిష్‌లో ఉన్న మాటలన్నీ మెట్టుకొకటి రాయమంది. పై మెట్టు మీద కన్నీళ్ళు మాత్రం కార్చే మర్యాద ఏడుపు. తరువాత వెక్కడం. అట్టడుగు మెట్టు మీద ‘బాల్’. “ఇది కుక్క మొరుగుడు నుంచి వచ్చిన మాట. మంచి ఇళ్ళలో ఇట్లా ఏడవరు,” అంది మిస్. ఆమె చెడ్డది కాదు. నాకు మాటల మీద పిచ్చి పుట్టించింది ఆమే.

మా గల్లీ పిల్ల ఒకతి వెనక బెంచీలో ఉంది. చటుక్కున లేచి, “మిస్, వీళ్ళ గ్రాండ్‌మదర్ గట్లనే ఏడుస్తది, మా ఇంటిదాంక వినొస్తది!” అంది. క్లాసంతా ఘొల్లుమని నవ్వింది. ఆ రోజు నుంచి నేను కనబడితే చాలు ఎవరో ఒకరు “భౌ” అనేవాళ్ళు. నల్లా దగ్గర భౌ, మెట్ల మీద భౌ, ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే వెనక నుంచి మెల్లగా భౌ. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ పిల్లల మీద మండాలి కదా? కాదు, అవ్వ మీద మండేది.

సరిగ్గా ఆ నెలలోనే చిన్నాయన పోయాడు.

చిన్నాయన అవ్వకు చిన్న కొడుకు, నాన్న తమ్ముడు. ఆబిడ్స్‌లో ఒక ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చేవాడు. పెళ్ళి కాలేదు, మాతోనే ఉండేవాడు. వేళ్ళకు ఎప్పుడూ సిరా. తప్పు పడిన కాగితాలు మడిచి జేబులో పెట్టుకొచ్చి, వెనకవైపు బొమ్మలేసుకోమని మాకిచ్చేవాడు. గల్లీ మలుపు తిరగ్గానే ఈల వేసేవాడు, అది వినగానే అవ్వ పెనం పొయ్యి మీద పెట్టేది. ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. ఊరి మందు ఇప్పిద్దామని కొన్నాళ్ళు, వద్దు దవాఖానే మేలని కొన్నాళ్ళు. ఈ వాదనల్లోనే మనిషి చేజారిపోయాడు. పొద్దున పది గంటలకు పోయాడు.

మధ్యాహ్నానికి కబురొచ్చింది, బడి నుంచి మిస్, మా క్లాసు పిల్లలూ వచ్చి కీర్తన పాడతారని. నాకు భయం పట్టుకుంది. చిన్నాయన పోయాడని కాదు. అవ్వ శోకం ఎత్తుకుంటుంది, వాళ్ళంతా వింటారు అని. అవ్వ వెనక గదిలో కొడుకు చొక్కా ఒళ్ళో పెట్టుకొని కూర్చొని ఉంది. ఆమె నిమ్మళంగా ఉందంటే, లోపల శోకం కూడదీసుకుంటోందని నాకు తెలుసు. నేను పోయి ముందు నిలబడ్డాను.

“అవ్వా, నువ్వు ఏడ్వకు. మా మిస్ వస్తున్నది.”

అవ్వ తలెత్తింది. “ఏందే?”

“గట్ల ఒర్రి ఏడిస్తే కుక్క మొరిగినట్టంట. పుస్తకంల రాసి ఉంది.”

“పుస్తకంల ఉన్నదా?”

“ఔ. ఇంగ్లిష్ పుస్తకంల.”

అవ్వ నన్ను చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. చదువురాని మనిషి పుస్తకానికి ఎంత మర్యాద ఇస్తుందో అంత మర్యాదగా చూసి, తల ఊపింది. కొంగు చివర ఉండలా చుట్టి నోట్లో పెట్టుకొని పళ్ళ కింద నొక్కుకుంది.

ముందు గదిలో గల్లీ ఆడవాళ్ళంతా ఎదురుచూస్తున్నారు. ఎందరి ఇళ్ళల్లో ఏడ్చిన అవ్వ! ఇప్పుడు సొంత కొడుకు. వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అవ్వ గదువ పట్టుకున్నారు. అవ్వ కదల్లేదు. మిస్ వచ్చింది, పిల్లలు కీర్తన పాడారు. పాస్టరుగారు ప్రార్థన చేసి, ఈ తల్లి విశ్వాసం చూడండి అన్నారు. నాన్న కళ్ళలో నీళ్ళతో పాటు ఒక తృప్తి కూడా కనిపించింది నాకు. మిస్ నా తల నిమిరి, మీ అవ్వ ఎంత గొప్ప మనిషి అంది ఇంగ్లిష్‌లో. శవపెట్టె మూత వేసేటప్పుడు మాత్రం అవ్వ గొంతులో ఏదో తిత్తి పిసికినట్టు చప్పుడైంది. కొంగు అడ్డముంది కదా, బయటికి రాలేదు.

ఆ తరువాత మూడు వారాలు మా ఇల్లు ఇల్లు కాదు. అవ్వ మాట్లాడదు. పెడితే నాలుగు ముద్దలు తింటుంది. పొద్దుగూకే వేళకు, ఈల వినిపించే వేళకు, లేచి గల్లీ మలుపుదాకా పోయి వస్తుంది. మళ్ళీ పోతుంది. కూర్చోదు, పడుకోదు. ఎదురింటి అత్త నల్లా దగ్గర అననే అంది, “కన్నకొడుకు పోతె కంట్ల చుక్క లేదు. మంది ఇండ్లల్ల ఏడ్చుడంత ఉత్తదేనేమో పో.” అవ్వ వింది. బిందె అక్కడే వదిలి వచ్చింది. ఇంకో వారానికి ఆ పక్క వరసలో ఒక ముసలాయన పోతే అవ్వకు కబురు రాలేదు. గడప మీద కూర్చొని ఆ ఏడుపులు వింటూ కొంగు నోట్లో పెట్టుకుంది. కొంగు చివర నమిలి నమిలి పీలికలైంది.

అమ్మ భయపడింది. “అత్తమ్మకు గుండెల పట్టేసింది, గిట్లనే ఉంటే మనిషి దక్కదు,” అని నాన్నతో అనడం నేను విన్నాను.

ఆ మాట విన్నాక నేను తట్టుకోలేకపోయాను. బట్టలుతికే బండ దగ్గర అక్కకు అంతా చెప్పేశాను, కుక్క సంగతితో సహా. అక్క సబ్బు చేత్తోనే చెంప పగలగొట్టింది. తరువాత లంగా పిండుతూ కూర్చుంది. పిండిందే పిండింది.

“రేపు శనివారం,” అంది చివరికి. “అమ్మ డ్యూటీ, నాన్న ఆఫీసు. నేను పడుకుంట, నువ్వు ఏడ్వు. అక్క అని కాదు, చిన్నాయనా అని ఏడ్వు.”

“ఏమని ఏడ్వాలె?”

“ప్రెస్సు చెప్పు, ఈల చెప్పు. చేపల పులుసంటె పాణమిచ్చేటోడు అని చెప్పు. అది మరువకు.”

మరునాడు అక్క చాప పరుచుకొని దుప్పటి కప్పుకుంది. అవ్వ గడప దగ్గర ఉంది. నేను గదువ పట్టుకోవడానికి ఎవరూ లేక నా గదువ నేనే పట్టుకొని మొదలుపెట్టాను. “ఓ చిన్నాయనా, సిరా చేతుల చిన్నాయనా, మలుపు కాడ ఈలేస్తివే చిన్నాయనా...” అవ్వ అటు తిరిగి కూర్చుంది. కొంగు నోట్లోకి పోయింది. నేను భయపడుతూనే, “చేపల పులుసు పెడితె చెయ్యి కడగకపోతివే చిన్నాయనా” అన్నాను.

అవ్వ వీపు కదిలింది. నేను మళ్ళీ అన్నాను, “చేపల పులుసుకె సచ్చిపోతివే...”

“గట్ల కాదే!”

మూడు వారాల తరువాత అవ్వ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. కొంగు కింద పడింది. “వాడు చేప ముట్టలే. ఎన్నడు ముట్టలే. అయిదేండ్లప్పుడు ముల్లు ఇరికితె నేనే వేలు పెట్టి తీసిన. నెత్తురొచ్చింది. నా వేలు కొరికిండు...” అని ఆ వేలు ఎత్తి చూపించింది. చూపిస్తూ చూపిస్తూనే రాగం అందుకుంది. “నా వేలు కొరికితివి కొడుకా, ఇప్పుడెవలి వేలు కొరుకుతవు కొడుకా! ఉల్లిగడ్డ కారం నూరి పెట్టిన్నే కొడుకా, పెనం మీద రొట్టె మాడిపాయెనే కొడుకా...”

నల్లా దగ్గరి ఆడవాళ్ళు బిందెలు వదిలేసి వచ్చారు. ఎదురింటి అత్త అందరికంటే ముందు వచ్చి అవ్వ మెడ మీద పడింది. సాయంత్రం నాన్న వచ్చేసరికి ఇల్లంతా ఆడవాళ్ళు, గల్లీ చివరిదాకా ఏడుపు. ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. కసురుతాడనుకున్నాను. మడత నలగని చొక్కాతో వచ్చి నేల మీద, అవ్వ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

అంతా పోయాక అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. నేను ఏడుస్తూ, పుస్తకంలో ఆవు అని కూడా ఉందట అవ్వా, అన్నాను. నిచ్చెన గీసిన మరునాడు క్లాసులో మిస్ చెప్పిన సంగతి అది. ఏదో ఒకటి చెప్పి కుక్కను చెరిపేద్దామని.

“ఆవు ఒర్రుతది బిడ్డా. దూడ సస్తె మూడు దినాలు ఒర్రుతది, గడ్డి ముట్టది. కుక్క గూడ అంతే. పుస్తకం రాసినాయనకు ఎరికే ఉన్నది. తప్పేం రాయలే,” అంది. మిగిలిన జీవితమంతా అంతకు మించి నన్ను ఒక్క మాట అనలేదు.

ఫుట్‌పాత్ మీద నిలబడి ఇదంతా తలుచుకుంటున్నాను. ఇన్నేళ్ళూ నేననుకున్నది, అక్క ఆ రోజు తొందరలో చేపల పులుసు అని పొరబడిందని. ఎన్నోసార్లు వెక్కిరించాను కూడా, చిన్నాయన ఇష్టం కూడా తెలియదే నీకు అని. అక్క నవ్వేది. కానీ ఇంట్లో చేపలు వండిన రోజు చిన్నాయనకు వేరే గిన్నెలో పప్పు తీసి పెట్టేది ఎవరు? అక్కే. ప్రతిసారీ అక్కే. ఆమెకు తెలియకపోవడమేమిటి! పదహారేళ్ళ పిల్ల, అవ్వను ఎక్కడ గిల్లితే నోరు తెరుస్తుందో కనిపెట్టి, ఆ ఒక్క అబద్ధం ఏరి నా నోట్లో పెట్టింది.

డబ్బులిచ్చి, పుస్తకం సంచీలో వేసుకొని, ఆటో ఎక్కి కాచిగూడ పొమ్మన్నాను. అక్క కూతురు ఉండేది అక్కడే.

అది అక్క చీరలు మడతపెడుతోంది. పద్దెనిమిది రోజులుగా అదే పని. మడతపెడుతుంది, విప్పుతుంది, మళ్ళీ పెడుతుంది. అక్క చావు రోజు కూడా ఇట్లాగే ఉంది. హాల్లో మైకు పెట్టి, ఫోనుకు స్టాండు పెట్టి ప్రార్థన జరిపారు. బి స్ట్రాంగ్ అని అందరూ దాని భుజం తట్టారు. అది స్ట్రాంగ్‌గానే ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళు గాజుల్లా ఉన్నాయి.

“చిన్నమ్మా, ఇంత ఎండల ఎందుకొచ్చినవ్? కూసో, నీళ్ళు తెస్త.”

“నీళ్ళొద్దు. నువ్వు కూసో,” అని దాని గదువ పట్టుకున్నాను. అది బిత్తరపోయింది. నా గొంతులో ఆ రాగం ఉందో లేదో నాకే తెలియదు. ఎత్తుకున్నాను. “ఓ అక్కా, నన్నిడిచి పోతివా అక్కా... పాయసమంటె పాణమిస్తివే అక్కా...”

“చిన్నమ్మా, ఏమైంది? బీపీ పెరుగుతది, ఊకో,” అంది. నేను ఊకోలేదు. మళ్ళీ అన్నాను, “పాయసం గిన్నె నాకు దక్కనియ్యకపోతివే అక్కా...”

“అమ్మ పాయసం తాగదు చిన్నమ్మా,” అంది అది, కొంచెం విసుగ్గా. “తీపి అసలే ముట్టది. నీకు తెల్వదా? చారు. గిన్నె ఎత్తి చారే తాగుతది. దవాఖానల గూడ, ఆఖరికి గూడ, చారు తెమ్మన్నది. నేను తెచ్చేసరికి...”

చేతిలోని చీర జారిపోయింది.

నేను దాన్ని పట్టుకున్నాను. మేమిద్దరం ఏడ్చిన ఏడుపుకు పై అంతస్తు వాళ్ళు దిగి వచ్చారు. ఎవరూ మమ్మల్ని ఊకోమనలేదు. ఏడుస్తూనే నాకు ఆ శనివారం కనబడింది. అవ్వ అందుకున్నాక అందరం అవ్వ చుట్టూ చేరి, చాప మీది అక్కను ఎవరం పట్టించుకోలేదు. దాని మీద దుప్పటి ఎగిరెగిరిపడటం నేను ఓరకంట చూశాను, ఇంత ఏడుపులో కూడా అక్క నవ్వుతోందని మనసులో తిట్టుకున్నాను. తరువాత దుప్పటి మడతపెట్టింది నేనే. తల దగ్గర తడిసి ముద్దయి ఉంది.